అల్లుణ్ణి వేలం వేసిన అత్త

మా ఎదురింటి అత్త పోయింది. ఆ కబురు నాకు యర్రగొండపాలెం బస్టాండులో తెలిసింది. నేను ఆర్టీసీలో కండక్టర్ని. బస్సు తిరిగి మార్కాపురం బయలుదేరబోతోంది, నేను టికెట్లు కొడుతున్నాను. మా ఆయన ఫోన్ చేసి "అత్త పోయింది" అన్నాడు. "ఊఁ" అన్నాను. ఫోన్ సంచిలో పడేసి, ముందు సీట్లో కూర్చున్న ముసలామెను "ఆధార్ కార్డు చూపియ్యవ్వా" అని అడిగాను. మార్కాపురం చేరేదాకా ఎక్కినవాళ్ళకు టికెట్లు ఇస్తూనే ఉన్నాను, దిగేవాళ్ళను దించుతూనే ఉన్నాను. మధ్యలో చిల్లర గొడవ ఒకటి వస్తే మామూలుగానే అరిచాను.

వెళ్ళి చూశాను. వరండాలో పడుకోబెట్టారు. ఏనాడూ దువ్వెన ఎరగని ఆ జుట్టును ఎవరో నూనె రాసి నున్నగా దువ్వారు. ఆమెలా లేదు. సాయంత్రం సమాధుల దగ్గర అందరూ గుప్పెడు మట్టి వేస్తుంటే నేనూ వేశాను. అయ్యగారు, అంటే వాళ్ళ చర్చి పాస్టరు గారు, ప్రార్థన చేస్తున్నంతసేపూ నా కళ్ళు ఆయన చెప్పుల మీదే ఉన్నాయి. తెగిన పట్టీకి పిన్నీసు పెట్టుకున్నారు. అది ఎప్పుడు ఊడుతుందా అని చూస్తూ నిలబడ్డాను. ఏడుపు రాలేదు. ఇంటికొచ్చి అన్నం కూడా తిన్నాను. ఉప్పు తక్కువైందో ఎక్కువైందో తెలియలేదు.

మార్కాపురం చుట్టుపక్కల వాళ్ళైతే ఆమెను మీరు చూసే ఉంటారు. పొట్టిగా, నల్లగా, చంకలో పాత చీరల మూటతో, వెనక ఒక కుక్కతో నడిచిపోయే మనిషి. ఆడపిల్లల హాస్టల్లో కుట్టు టీచరుగా చేసి రిటైరైంది. మామ ఎప్పుడో పోయాడు. పిల్లల్లేరు. వాళ్ళది చర్చి కుటుంబం. మాది గిద్దలూరు పక్క పల్లెటూరు, సేద్యం చేసుకునేవాళ్ళం, తిరపతి కొండకు మొక్కేవాళ్ళం. చుట్టరికం ఏమీ లేదు. నేను అత్తా అన్నాను, ఆమె కోడలా అంది, ఇక అదే చుట్టరికమైంది.

మేం ఆ వీధిలో ఇల్లు తీసుకుని సామాను దించుతున్న రోజే వచ్చింది. కొత్తగా వచ్చినవాళ్ళను మంచినీళ్ళు కావాలా అని అడుగుతారు కదా, అదేం లేదు. గుమ్మంలో నిలబడి, "పాత నూలు చీరలుంటే ఇయ్యి కోడలా" అంది.

నాకు ఒళ్ళు మండింది. "ఇంకా నేనే కట్టుకుంటున్నా" అన్నాను.

"అయితే చిరిగినాక ఇయ్యి. తొందరేం లేదు. పట్టుచీర మాత్రం వద్దు, జారిపోతది" అని వెళ్ళిపోయింది.

ఆ చీరలు ఎందుకో తెలియడానికి నాకు కొన్నాళ్ళు పట్టింది. పుల్లలచెరువు పక్క ఊళ్ళకు మీరు వెళ్ళే ఉంటే తెలుస్తుంది, బోర్లు వచ్చాక అక్కడ పాత బావులన్నీ ఎండిపోయాయి. గట్టు లేదు, కంప లేదు, పొలం మధ్యలో నోరు తెరుచుకుని ఉంటాయి. మేతకు పోయిన జీవాలు అందులో పడతాయి. పడితే మన జనం ఏం చేస్తారు? మెడకో నడుముకో మోకు కట్టి, హైలెస్సా అని లాగుతారు. పైకి వచ్చేసరికి సగం ప్రాణం పోతుంది. అత్త ఆ చీరల్ని మడతలు పెట్టి, దిట్టంగా కుట్టి, నాలుగు మూలలా పిడులు పెట్టి ఉయ్యాల చేసేది. ఊళ్ళనుంచి ఫోన్ వస్తే ఆ ఉయ్యాల మూట కట్టుకుని బస్సెక్కేది. చాలాసార్లు నా బస్సే.

నాకు సెలవైన ఒక రోజు తోడు తీసుకుపోయింది. బావిలో ఆవుదూడ. చుట్టూ మగవాళ్ళు మోకులతో సిద్ధంగా ఉన్నారు. ఈమె పోయి అందర్నీ ఆపి, ముందు బకెట్టుతో నీళ్ళు దించమంది. తర్వాత పచ్చిమేత దించమంది. గట్టున కూర్చుని దూడతో కబుర్లు మొదలుపెట్టింది. ఏ ఊరు, ఎవరి బిడ్డవు, మీ అమ్మ ఎట్లుంది, అని. ఎండ మాడుస్తోంది. ఒకాయనకు ఓపిక చచ్చిపోయింది.

"ఏందమ్మా నువ్వు! లాగేది పోయి పెళ్ళి మాటలు మాట్లాడుతుండావు?"

"తిననీ నాయనా. భయపడినోళ్ళకు ముందు కడుపు నిండాల. అప్పటిదాకా మన మాట వాళ్ళ చెవికెక్కదు."

దూడ తిన్నది. తర్వాత ఒకతను దిగి ఉయ్యాల చుట్టాడు, పైనుంచి లాగారు, వచ్చేసింది. తిరుగుబస్సులో నేను ఊరుకోలేక "నీకెంత దయ అత్తా" అన్నాను. నా వైపు చూసి, "నీ నోరు నీ బస్సులో అరవడానికి దాచుకో. దయ ఏంది, పని అను" అంది. ఆ తర్వాత ఆ మాట నేను ఎప్పుడూ వాడలేదు.

ఇప్పుడు అల్లుడి సంగతి చెప్పాలి. అల్లుడంటే మనిషి కాదు, పొట్టేలు. పిల్లగా ఉన్నప్పుడు అలాంటి బావిలోనే పడింది. వెనక కాలు నుజ్జయింది. గొర్రెల కాపరి "ఇంకెందుకు పనికొస్తదమ్మా, నువ్వే కోసుకో" అని వదిలేసిపోయాడు. పశువుల డాక్టరు ఆ కాలు తీసేశాడు. అత్త ఇంట్లో పెట్టుకుని సీసాతో పాలు పట్టింది. తిని పడుకోవడం, ఇష్టం లేకపోతే కొమ్ములు విసరడం, పిలిస్తే పలక్కపోవడం చూసి "ముమ్మూర్తులా అల్లుడే" అనేది. కూతురు లేకుండానే అల్లుడొచ్చాడని వీధంతా ఆట పట్టించేవాళ్ళం. ఆ అల్లుడు నా తులసి చెట్టును మొదలంటా కొరికేసిన రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు. అత్తను నానా మాటలూ అన్నాను. ఆమె అంతా విని, "నువ్వన్నవన్నీ వానికి చెప్తాలే" అంది.

వాళ్ళ చర్చిలో ఏటా కోత పండగ జరుగుతుంది. పంట చేతికొచ్చాక ఎవరికి కలిగింది వాళ్ళు తెచ్చి దేవుడి దగ్గర పెడతారు. కందులో, గుమ్మడికాయో, కోడిపుంజో. ప్రార్థన అయ్యాక సంఘపెద్ద వాటిని ఒక్కొక్కటీ వేలం పాడిస్తాడు. మా వీధిలో హిందువులం, సాయిబులం కూడా పోయి పాడతాం. వస్తువు విలువకు మించి పాడడమే అక్కడ మర్యాద. ఒకసారి దేవుడి పేరున పాట పెట్టాక దాన్ని వెనక్కి తీసుకోవడం ఉండదు.

ఆ మొదటి ఏడు అత్త పొట్టేలు పిల్లను ఇవ్వడానికి తీసుకుపోలేదు. ఇంట్లో వదిలితే కట్టు పీక్కుంటుందని వెంట తెచ్చుకుంది. చర్చి ఆవరణలో మునగచెట్టుకు కట్టేసి, విందు వంట దగ్గర గరిటె పట్టుకుంది. కట్టిన చోటు చూసుకోలేదు. అక్కడే గుమ్మడికాయలు, కోళ్ళు పెట్టి ఉన్నాయి. సంఘపెద్ద పాటలో అదీ పాడించేశాడు. పాడుకున్నది మా వీధి చివర మటన్ దుకాణం భాయ్.

గోల విని అత్త గరిటెతోనే వచ్చింది. సంఘపెద్ద తల గోక్కుంటూ, "పొరపాటయ్యిందమ్మా. కానీ దేవుని పేరున పాడినాక..." అన్నాడు.

"వెనక్కి ఇయ్యమని నేను అడగలా" అంది అత్త. "కట్టు మార్చే టైమయింది. అది మార్చినాక తీసుకపోనీ."

అక్కడే నేల మీద కూర్చుంది. పాత గుడ్డ విప్పింది, పుండు కడిగింది, మందు రాసింది, కొత్త గుడ్డ చుట్టింది. భాయ్ చేతిలో తాడు పట్టుకుని నిలబడి అంతా చూశాడు. రోజూ కోసే మనిషి. చివరికి తాడు తీసుకొచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు.

"నాకొద్దత్తా ఇది. నేను దేవునికే ఇస్తుండా. మళ్ళీ పాడిచ్చండి."

మళ్ళీ పాడించారు. ఈసారి దర్జీ పాడాడు. అతనూ తెచ్చి ఆమె చేతిలో పెట్టి "నాకొద్దు" అన్నాడు. మళ్ళీ పాట. అలా ఆ పూటంతా అది వీధి మొత్తం తిరిగి మళ్ళీ మునగచెట్టు దగ్గరికే వచ్చింది. ఆ డబ్బు ఏం చేయాలని అయ్యగారు అడిగితే, "అల్లుడి డబ్బు అల్లుడి చుట్టాలకే" అంది. దాంతో పల్లెల్లో ఎండాకాలం జీవాలకు నీళ్ళ తొట్లు కట్టించారు, మందులు కొన్నారు, మోకులు కొన్నారు. అత్త సొమ్ము అల్లుడి దానం అని సామెత ఉంది కదా, మా వీధిలో అది తిరగబడి అల్లుడి సొమ్ము అత్త దానమైంది.

ఇక ఏటా అదే తంతు. పండగ ముందు వీధిలో ఇంటికో గుడ్డముక్క వసూలు చేసేది. నావి కాకీ ముక్కలు, పాత యూనిఫారంవి. అన్నీ కలిపి అల్లుడికి పెళ్ళిబట్టలని ఒక చిన్న బొంత కుట్టించేది. కుట్టడానికి ఆడవాళ్ళందరం ఆమె వరండాలో చేరాలి. దానికో రూలు పెట్టింది. ఆ ఏడాది ఏ ఇద్దరికి మాటల్లేవో వాళ్ళ ముక్కలు పక్కపక్కనే రావాలి, ఆ కుట్టు వాళ్ళిద్దరే వేయాలి. ఒక ఏడు నేనూ పక్కింటి వదినా నీళ్ళ పంపు దగ్గర జుట్లు పట్టుకున్నంత పని చేశాం. ఎదురెదురుగా కూర్చుని మూతులు ముడుచుకుని కుట్టాం. సూది నా వేలికి గుచ్చుకుంటే ఆమే ముందు "అయ్యో" అంది. పిల్లలకేమో పలకల ఫ్యాక్టరీల్లో విరిగి పారేసిన పలక ముక్కలు తెచ్చిచ్చి రంగులతో బొమ్మలు వేయమనేది. ఆవులు, కోతులు, కుక్కలు, అల్లుడు. మూడు కాళ్ళు వేసినవాళ్ళకు, మరిచిపోయి నాలుగు వేసినవాళ్ళకు కూడా బెల్లం ముక్క. ఆ పలకలు పండగలో బల్ల మీద పెట్టి అమ్మేవాళ్ళు. మా ఇంట్లో దేవుడి పటం పక్కన ఒకటి ఉంది, ఏ జంతువో మాకింతవరకూ తేలలేదు.

ఇంతవరకూ వింటే ఇదంతా నవ్వులాట అనిపిస్తుంది. నేనూ అలాగే అనుకున్నాను. ఒక ఏడు పాట జరుగుతుంటే పక్కన కూర్చుని ఆమె చేతులు చూశాను. తల వంచుకుని చీర అంచులోంచి దారాలు లాగుతోంది. లాగిన దారాలు ఒళ్ళో కుప్ప పడ్డాయి.

"ఏందత్తా, అంత భయమెందుకు? ఎవరో ఒకరు తిరిగిస్తారు కదా."

"ఇయ్యాలని యాడుంది?"

"నిజంగా ఎవరన్నా తోలుకుపోతే?"

"పోతాడు."

"నీకేం కాదా?"

"అయితది. అయినా పోతాడు. ఇచ్చినాక తాడు కొస చేతిలో పెట్టుకొని కూర్చుంటే అది ఇచ్చినట్ల కాదు కోడలా."

ఆ పాటకు కొన్ని కట్టుబాట్లు కూడా ఆమే పెట్టింది. తెచ్చినవాళ్ళు పాడకూడదు. ఒకసారి పాడి తిరిగిచ్చినవాళ్ళు ఆ పూట మళ్ళీ పాడకూడదు. కొత్తవాళ్ళు వస్తే, ఇది తిరిగివ్వడం మా అలవాటు అని వాళ్ళ చెవిలో ఊదకూడదు. అంటే ఏటా ఆమె నిజంగానే వాణ్ణి వదిలేసేది. ఏటా వాడు నిజంగానే తిరిగొచ్చేవాడు.

పోవడానికి ముందు రోజు ఆసుపత్రిలో చూశాను. ఆయాసం. ముక్కుకు మాస్కు. నన్ను చూసి మాస్కు పక్కకు లాగింది, నర్సు కేకలేసింది, మళ్ళీ లాగింది.

"ఈ ఏడు గూడా అల్లుణ్ణి పండగకు తోలకపో."

"నువ్వే తోలకపోదువులే."

"నోర్ముయ్యి కోడలా. ఊపిరి తక్కువుంది, విను. ముందే ఎవురితోనూ మాట్లాడి పెట్టొద్దు. దాచొద్దు. పాటలో పెట్టు. తీసుకపోయేటోడు తీసుకపోనీ."

"కోసుకుంటే?"

మాస్కు పెట్టుకుని రెండుసార్లు ఊపిరి పీల్చుకుంది, మళ్ళీ లాగేసింది. 

"కోసుకుంటాడేమో. కోసుకోడేమో. మనిషికి ఆ సందు ఇయ్యాల. మనమే ముందు తలుపేసుకుంటే మంచోళ్ళు ఎట్ల బయటపడతారు?"

నేను సరే అన్నాను. మనిషి ఆసుపత్రిలో ఉంటే ఎవరైనా సరే అంటారు. బత్తాయి ఒలిచి పెట్టి డ్యూటీకి వెళ్ళిపోయాను. అవే ఆఖరి మాటలు.

తర్వాత రోజులన్నీ ఎలా గడిచాయంటే చెప్పలేను. బస్సెక్కాను, దిగాను. అల్లుణ్ణి మా పెరట్లో కట్టేశాం. మేత వేశాను, పెంటికలు ఊడ్చాను. వాడు అరిచాడు, వాడి మానాన అరిచాడు, నాకు జాలీ వేయలేదు, చిరాకూ పడలేదు. ఆమె కుక్క మా గుమ్మంలో పడుకోవడం మొదలుపెట్టింది. దాన్ని దాటుకుని వెళ్ళేదాన్ని.

పండగ దగ్గర పడ్డాక వీధిలో అందరూ మా ఇంటికొచ్చారు. గుడ్డముక్కలు ఎవరివి వాళ్ళు తెచ్చారు, ఎవరూ అడగలేదు. కానీ వేలం మాట వచ్చేసరికి గొడవైంది.

"ఈసారికి పాట వద్దక్కా" అన్నాడు దర్జీ. "అత్త లేదు. ఎవడన్నా పట్టుకుపోతే?"

"భాయ్‌కి ముందే చెప్పి, పాడుకొని ఇంటికి తోలియ్యమందాం" అంది పక్కింటి వదిన.

"వద్దంది" అన్నాను.

"ఆమె అంటది. పోయినోళ్ళు ఏమైనా అంటారు. వాడు ముసలోడయినాడు, పాపం. నీకు మనసు లేదా?"

"లేదు" అన్నాను. అది మాటకు మాట కాదు. లోపల వెతికితే నిజంగానే ఏమీ దొరకలేదు. మాటిచ్చాను, అంతవరకే తెలుసు. వదిన లేచి వెళ్ళిపోయింది. బొంతలో ఆమె ముక్కా నా ముక్కా పక్కపక్కన కుట్టమని చెప్పడానికి ఈసారి ఎవరూ లేరు.

పండగ రోజు బొంత కప్పి వాణ్ణి నడిపించుకుపోయాను. మునగచెట్టుకు కట్టేశాను. జనం బాగా వచ్చారు. హైవే మీద కొత్తగా దాబా పెట్టిన ఒకాయన కూడా వచ్చాడు. పొట్టేలు చుట్టూ తిరిగి, బొంత ఎత్తి వీపు తడిమి, "ఎన్ని కేజీలు తూగుతది?" అని సంఘపెద్దను అడిగాడు. సంఘపెద్ద నా వైపు చూశాడు. నేను నేల చూశాను.

పాట జరిగేటప్పుడు అత్త ఎప్పుడూ ఆడవాళ్ళ వైపు, చర్చి వరండా స్తంభం పక్కన కూర్చునేది. ఆ చోట ఒక కొత్త పిల్ల కూర్చుని ఉంది. ఏడాది బిడ్డ ఒళ్ళో ఉంది. పుల్లలచెరువు అవతల ఏదో పల్లెనుంచి పలకల పనికి వచ్చారట, మొగుడూ పెళ్ళామూ, వచ్చి వారమే అయిందట. ఆమెకు మా అత్త తెలియదు, అల్లుడు తెలియదు. స్తంభానికి వీపు ఆనుతుందని అక్కడ కూర్చుంది.

గుమ్మడికాయలయ్యాయి, కందులయ్యాయి. అల్లుడి పాట వచ్చింది. దాబా ఆయన మొదలుపెట్టాడు. భాయ్ అతని మీద పాడాడు. అతను పెంచాడు, భాయ్ పెంచాడు. చివరికి పాట భాయ్‌కే కొట్టేశారు. భాయ్ వచ్చి తాడు విప్పుకున్నాడు. ఎప్పటిలాగే స్తంభం వైపు నడిచాడు. నడిచి ఆగిపోయాడు. తాడు ముందుకు చాపిన చెయ్యి అలాగే ఉంది.

తల మాత్రం నా వైపు తిప్పాడు. "నాకొద్దని ఎవురికి చెప్పాలక్కా?" అన్నాడు.

నేను చెయ్యి చాపాలి. చాపి తీసుకుంటే అయిపోతుంది. నా చెయ్యి లేవలేదు. లేపకూడదని కాదు, అది లేవలేదు, అంతే. సంఘపెద్ద లేవలేదు, అయ్యగారు లేవలేదు.  పెద్దమనిషి భాయ్, తెల్లగడ్డం, అలా తాడు పట్టుకుని నిలబడిపోయాడు.

స్తంభం దగ్గర కూర్చున్న ఆ పిల్ల పైకి చూసింది. ఎవరో తాడు తన మొహం ముందు చాపి ఉన్నారు. మన దగ్గర ఎవరైనా ఏదైనా చేతికిస్తే ఎందుకని అడగం కదా, ముందు పట్టుకుంటాం. ఆమె అదే చేసింది.

"పట్టుకోమంటావా అన్నా?" అని, బిడ్డను ఒక తొడ మీదికి జరుపుకుని తాడు అందుకుంది.

 భాయ్ తల ఊపి పక్కకు తప్పుకున్నాడు. సంఘపెద్ద గొంతు సవరించుకుని, "మళ్ళీ పాట" అన్నాడు.

ఈసారి దాబా ఆయన పట్టు పట్టాడు. దర్జీ పాడాడు, మా ఆయన కూడా పాడాడు, అతను అందర్నీ దాటిపోయాడు. భాయ్ పాడడానికి లేదు. తెచ్చినదాన్ని, నేనూ పాడడానికి లేదు. పక్కింటి వదిన నన్ను చూసిన చూపు నాకు తెలుసు. దాబా ఆయనకే కొట్టేశారు. అతను నేరుగా వచ్చి తాడుకు చెయ్యి చాపాడు. ఆ పిల్ల వెంటనే ఇచ్చేసింది.

"మెల్లగా తోలకపో అన్నా. దీనికి ఒక కాలు లేదు" అంది.

అతను తోలుకుని గేటు దాకా వెళ్ళాడు. ఎవరం కదల్లేదు. దారాలు లాగడం ఎందుకో నాకప్పుడు తెలిసింది. నా కొంగు అంచు నా చేతిలోనే ఉంది. గేటు దాటబోతుంటే వెనకనుంచి ఆ పిల్లే కేకేసింది.

"అన్నా! నీళ్ళు తాపిచ్చి తోలకపో. పొద్దుట్నుంచి నేను చూస్తుండా, ఒక చుక్క తాగలా."

అతను విసుక్కుంటూనే వెనక్కి తెచ్చాడు. ఆమె బిడ్డను చంకనేసుకుని, వంట దగ్గరి బేసినులో నీళ్ళు తెచ్చి పెట్టింది. అల్లుడు తల వంచాడు. చాలాసేపు తాగాడు. మధ్యలో తల ఎత్తి చూశాడు, మళ్ళీ తాగాడు. ఒకే వెనక కాలు మీద బరువు ఆగక వణుకుతుంటే ఆమె తన మోకాలు వాడి డొక్కకు ఆనించి నిలబడింది. దాబా ఆయన చేతిలో తాడు పట్టుకుని చూస్తున్నాడు. అతను ఏమనుకున్నాడో నాకు తెలియదు. మేం ఒక్కరం కూడా ఏమీ చెప్పలేదని మాత్రం తెలుసు.

"దీన్ని కోసినా నా గొంతు దిగదులే. మళ్ళీ పాడిచ్చుకోండి" అని తాడు ఆమెకే ఇచ్చేశాడు.

ఆ తర్వాత పాట ఆగలేదు. దర్జీ పాడి తెచ్చి ఆమెకిచ్చాడు. మా ఆయన పాడి ఆమెకే ఇచ్చాడు. పక్కింటి వదిన పాడింది, తెచ్చి ఆ పిల్లకే ఇచ్చింది. వచ్చిన ప్రతివాళ్ళకూ ఆమె తాడు ఇచ్చేసేది, కాలు సంగతి చెప్పేది, వాళ్ళు నాలుగడుగులు వేసి తిరిగి తెస్తే మళ్ళీ పట్టుకునేది. ఏం జరుగుతోందో ఆమెకు అర్థం కాలేదు. ఇదేదో పట్నం పద్ధతి అనుకున్నట్టుంది.

విందు వడ్డనలు మొదలై, జనం విస్తళ్ళ వైపు వెళ్ళాక కూడా ఆమె అక్కడే ఉంది. నేను దగ్గరికి వెళ్ళాను. తాడు మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుంది.

"అక్కా, నేనింకా ఎంతసేపు పట్టుకోవాల?" అని అడిగింది.

"చెయ్యి నొప్పా?"

"లేదక్కా. ఊరికే అడుగుతుండా. ఎవురిదో చెప్తే వాళ్ళొచ్చేదాకా కూర్చుంటా."

ఎవరిదని చెప్పను? పక్కన కూలబడ్డాను. అన్నాళ్ళూ రాని ఏడుపు అప్పుడొచ్చింది. గట్టిగానే ఏడ్చాను, నా గొంతు చిన్నది కాదు, విస్తళ్ళ దగ్గర వాళ్ళు లేచి చూశారు. ఆ పిల్ల బెదిరిపోయింది. అయినా తాడు వదల్లేదు, ఖాళీగా ఉన్న చేత్తో నా వీపు రాస్తూ కూర్చుంది. ఒడిలోంచి జారిన బిడ్డ పాక్కుంటూ వెళ్ళి, మా వీధి గుడ్డముక్కల బొంతను రెండు పిడికిళ్ళతో పట్టుకుని, దాని ఆసరాతో లేచి నిలబడింది. బిడ్డ ఊగుతోంది. పొట్టేలు మూడు కాళ్ళ మీద కదలకుండా నిలబడింది.